పోప్ బంగారు నాణెం, మా అవ్వ పుతళి

మా అవ్వ కాసుల సరంలో మొత్తం నలభై ఒక్క కాసులు. ముప్పై తొమ్మిది లక్ష్మీకాసులు, నడిమధ్యన రెండు మాత్రం వేరే రకం. వాటి మీద ఒకాయన నిలబడి ఉంటాడు, ఎదురుగా ఇంకొకాయన మోకాలు వేసి ఉంటాడు, ఇద్దరి మధ్యన జెండాకర్ర. వెనక్కి తిప్పితే కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఒక బొమ్మ, పక్కన చుక్కలు. ఇంట్లో వాటిని పుతళీలు అంటాం. అవ్వ లెక్కలో నిలబడినాయన రాముడు. "మోకాలేసినోడు ఆంజనేయుడు కాకుంటే ఇంగెవురు?" అంటుంది.

పోయిన ఏడాది చిన్నాయన ఆపరేషన్‌కు చేసిన అప్పు తీర్చడానికి ఆ సరం అమ్మాలని ఇంట్లో అనుకున్నాం. షాపాయన తూకం వేసి, కరిగిస్తే ఎంత వస్తుందో చెప్పేశాడు. అంతలో సింగపూర్‌లో ఉండే మా దాయాది ఒకాయన ఫోటో చూసి ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "అమ్మొద్దండీ, ఇవి పాతకాలంలో పోప్ కొట్టించిన బంగారు నాణేలు, వేలంలో లక్షలు పలుకుతాయి" అని. అవ్వకు చదివి వినిపిస్తే, "పోపు అంటే తిరగవాతే కదరా, దానికి కాసులేంది?" అని నవ్వింది.

నవ్వులాట సరే, అప్పు మాత్రం నిజం. లక్షలు అనే మాట చెవిన పడ్డాక ఎవరికీ నిద్ర పట్టలేదు. మేం చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "ఇది ఇంతే" అంటే, నిజంగా అంతేనా అని సరిచూసినందుకే మాకు జీతం. అందుకని శని ఆదివారాలు కూర్చుని పోప్‌ల బంగారు నాణేల గురించి దొరికినంత చదివాం. మేం చదువుకున్నది కోలారు జిల్లాలో కన్నడ మీడియంలో, తెలుగు రాత పెద్దయ్యాక నేర్చుకున్నది. తప్పులుంటే మన ఇంటివాళ్లే అనుకుని సర్దుకోండి.

బంగారం లేని అయిదు వందల ఏళ్లు

మొదట మాకు కలిగిన సందేహం, పోప్‌కు నాణేలతో ఏం పని అని. ఆ కాలంలో పోప్ క్రైస్తవ మతానికి పెద్ద మాత్రమే కాదు, రోము చుట్టుపక్కల ఇటలీ నడిమి భాగానికి ఏలిక కూడా. ఏలిక అన్నాక టంకశాల ఉంటుంది. 8వ శతాబ్దం చివర పోప్ మొదటి ఏడ్రియన్ తన పేరుతో వెండి నాణేలు కొట్టించాడు. వెండివే, బంగారువి కావు. ఆ కాలం నుంచి దాదాపు అయిదు వందల ఏళ్లు పశ్చిమ యూరప్‌లో ఎక్కువ భాగం వెండి మీదే నడిచింది. సిసిలీ, స్పెయిన్ లాంటి అరబ్బుల ప్రభావం ఉన్న చోట్ల తప్ప బంగారు నాణెం కొట్టేవాళ్లే లేరు. కావాలంటే బైజాంటియం నాణెమో, అరబ్బుల దీనారమో వాడుకునేవాళ్లు.

రోములో పరిస్థితి ఇంకా విచిత్రం. 10వ శతాబ్దం చివర పోప్‌ల వెండి నాణేలు కూడా ఆగిపోయాయి. దాదాపు రెండు వందల ఏళ్లు ఆ మహానగరంలో సొంత నాణెమే లేదు. 12వ శతాబ్దం చివర రోము పౌరుల సెనేట్ మళ్లీ టంకశాల తెరిచింది. తెరిచి ఏం కొట్టింది? ఫ్రాన్స్‌లో షాంపేన్ సంతలు జరిగే ప్రొవాన్ అనే ఊరి నాణేన్ని చూసి అలాంటిదే కొట్టింది. వ్యాపారులూ యాత్రికులూ ఆ నాణెం పట్టుకుని రోముకు వచ్చేవాళ్లు, జనానికి అది అలవాటైపోయింది. అలవాటైన బొమ్మ అయితేనే చెల్లుతుంది. ఈ సంగతి కొంచెం మనసులో పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

లిల్లీ పువ్వు నాణెం

బంగారం మళ్లీ తిరిగొచ్చింది 13వ శతాబ్దంలో. 1231లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ దక్షిణ ఇటలీలో ఒక బంగారు నాణెం మొదలుపెట్టాడు, చూడ్డానికి చాలా అందమైనది. కానీ గెలిచింది అది కాదు. 1252లో జెనోవా, ఫ్లోరెన్స్ అనే రెండు వ్యాపారుల ఊర్లు బంగారు నాణేలు కొట్టాయి. ఫ్లోరెన్స్‌ది ఫ్లోరిన్. ఒక వైపు ఆ ఊరి గుర్తు లిల్లీ పువ్వు, ఇంకో వైపు ఆ ఊరిని కాపాడే బాప్తిస్మమిచ్చు యోహాను. మూడున్నర గ్రాముల మేలిమి బంగారం. రాజు బొమ్మ లేదు, చక్రవర్తి పేరు లేదు. అదే తూకం, అదే మేలిమి ఏళ్ల తరబడి తప్పకుండా పాటించారు, అంతే.

అప్పట్లో నాణేన్ని ఎలా సరిచూసేవాళ్లో చదువుతుంటే మా పనే గుర్తొచ్చింది. చేతిలో త్రాసు, పక్కన గీటురాయి. (మా ఇంట్లో కన్నడ మాటే వాడతాం, ఒరెగల్లు.) అనుమానం తీరకపోతే మట్టి మూకుడులో పెట్టి పుటం వేయడం. ఆ మట్టి పాత్రను లాటిన్‌లో టెస్టుమ్ అంటారు. ఇంగ్లీషులో టెస్ట్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. పదేళ్లు టెస్టర్ అని చెప్పుకు తిరిగి, ఆ మాట కంసాలి మూకుడులో పుట్టిందని మాకు ఇప్పుడు తెలిసింది!

ఫ్లోరెన్స్‌వాళ్లు ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. చేతులు మారి మారి నాణెం అరిగిపోతుంది, కొందరు అంచులు గీకి దొంగిలిస్తారు. అందుకని అధికారులు నాణేలను ఒక్కొక్కటే తూచి, సరిచూసి, తోలు సంచిలో వేసి సీలు కొట్టేవాళ్లు. తర్వాత ఆ సంచి సంచిలాగే చేతులు మారేది, ఎవరూ విప్పి లెక్కపెట్టుకునేవాళ్లు కాదు. లోపలున్న బంగారంతోపాటు సీలు మీద నమ్మకం కూడా చెలామణి అయ్యేదన్నమాట.

22వ జాన్ చేసిన పని

ఇప్పుడు అసలు కథకు వద్దాం. 1309 నుంచి పోప్‌లు రోములో లేరు. ఫ్రాన్స్ దక్షిణాన ఆవిన్యోన్‌లో కాపురం పెట్టారు. 1316లో పోప్ అయిన 22వ జాన్‌కు అప్పటికే డెబ్బై దాటింది. ఇక ఎక్కువ రోజులు ఉండడులే అని ఎన్నుకున్నారో ఏమో, ఆయన పద్దెనిమిదేళ్లు ఏలాడు. చర్చి లెక్కలను గట్టిగా పట్టాలెక్కించింది ఆయనే. కొత్తగా పదవిలోకి వచ్చే మతాధికారి మొదటి ఏడాది రాబడి, పదో వంతు పన్నులు, ఇలా యూరప్ నాలుగు మూలల నుంచి డబ్బు ఆవిన్యోన్‌కు వచ్చేది. ఆ డబ్బును మోసేవాళ్లు, మార్చేవాళ్లు ఎవరు? బార్దీ, పెరుజ్జీ లాంటి ఫ్లోరెన్స్ బ్యాంకు కుటుంబాలు. అందువల్ల పోప్ ఖజానా లెక్కలే ఫ్లోరిన్లలో రాసేవాళ్లు.

1322లో 22వ జాన్ సొంతంగా బంగారు నాణెం కొట్టించాడు. ఆవిన్యోన్ అప్పటికింకా పోప్‌ది కాదు, నేపుల్స్ రాజులది. అందుకే టంకశాల పెట్టింది అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో, పోప్ సొంత నేలలో ఉన్న సోర్గ్ అనే ఊర్లో. తర్వాత 1348లో ఇంకో పోప్ ఆరో క్లెమెంట్ ఆవిన్యోన్ ఊరిని ఊరుగానే రాణి జోవన్నా దగ్గర 80,000 ఫ్లోరిన్లకు కొనేశాడు.

భూమ్మీద దేవుడి ప్రతినిధి తన మొదటి బంగారు నాణెం మీద ఏం వేయించి ఉంటాడు? తన బొమ్మా? మూడంచెల కిరీటమా? పరలోకపు తాళపుచెవులా? మేం అలాగే అనుకున్నాం. కానీ ఆయన వేయించింది ఫ్లోరెన్స్ లిల్లీ పువ్వు, ఫ్లోరెన్స్ యోహాను. అదే తూకం, అదే మేలిమి, అదే అచ్చు. ఫ్లోరెన్స్ అని ఊరి పేరు ఉండాల్సిన చోట మాత్రం పేతురు పేరు. దూరం నుంచి చూసినవాళ్లకు తేడా తెలియదు. తెలియకూడదనే కదా!

ఇది చూసి ఊరుకోనివాడు ఒకాయన ఉన్నాడు. ఫ్లోరెన్స్ చరిత్ర రాసిన జియోవన్ని విల్లానీ. ఆయన వ్యాపారి, ఆ ఊరి టంకశాలలో అధికారిగా కూడా పని చేశాడు. నాణెం అంటే ఆయనకు సొంత బిడ్డ లెక్క. పోప్ మన ఫ్లోరిన్ తూకంతో, మన అచ్చుతో నాణెం కొట్టాడనీ, అందుకు ఆయనకు చాలా చెడ్డపేరు వచ్చిందనీ తన పుస్తకంలో రాసిపెట్టాడు. పోప్ మీద ఇలాంటి మాట రాయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఇంకో విషయం చూడండి. ఇదే 22వ జాన్ 1317లో రసవాదుల మీద ఒక శాసనం తెచ్చాడు. రాగినీ సీసాన్నీ బంగారం చేస్తామని జనాన్ని మోసం చేసేవాళ్లు, ఎంత దొంగ బంగారం చేశారో అంత అసలు బంగారం పేదలకు పంచాలని శిక్ష పెట్టాడు. అయిదేళ్లు తిరక్కుండానే తనే పక్క ఊరి నాణేన్ని కాపీ కొట్టాడు.

మరి పోప్ కొట్టింది దొంగ నాణెమా? మేం దీని మీద ఇంట్లో చాలాసేపు వాదించుకున్నాం. దొంగ నాణెం అంటే లోపల సరుకు తక్కువ ఉండాలి. పోప్ నాణెంలో బంగారం అసలైనదే, తూకం సరిగ్గానే ఉంది. పుచ్చుకున్నవాడికి నష్టం లేదు. అరువు తెచ్చుకున్నది ముఖం ఒక్కటే. కానీ ఆ ముఖానికి విలువ వచ్చింది ఫ్లోరెన్స్ డెబ్బై ఏళ్లు మాట తప్పకుండా ఉన్నందుకు. ఆ డెబ్బై ఏళ్ల కష్టానికి పోప్ ఏం చెల్లించలేదు. విల్లానీ బాధ అదే అనుకుంటాం.

పోప్ తర్వాత మిగతావాళ్లు కూడా మొహమాటం వదిలేశారు. 1325లో హంగరీ రాజు, బొహీమియా రాజు, 1340లలో జర్మనీలోని ల్యూబెక్ నగరం, స్పెయిన్ వైపు అరగాన్ రాజు, అందరూ ఫ్లోరిన్ అచ్చే పట్టుకున్నారు. ఆ 1340లలోనే పెరుజ్జీ, బార్దీ బ్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి దివాలా తీశాయి. బ్యాంకులు పోయినా లిల్లీ పువ్వు నాణెం మాత్రం చెల్లుతూనే ఉంది.

22వ జాన్ 1334లో పోయినప్పుడు ఖజానాలో ఒక కోటీ 80 లక్షల ఫ్లోరిన్లు ఉన్నాయని విల్లానీ రాశాడు. ఇప్పటి చరిత్రకారులు లెక్క పుస్తకాలు తీసి చూస్తే పది లక్షలు కూడా లేవు. కోపం ఉన్నవాడి లెక్క కొంచెం పెద్దగానే ఉంటుంది.

పేరు మార్చి, బొమ్మ ఉంచి

ఇక్కడిదాకా చదివాక మా పుతళీల సంగతి తేలిపోయింది అనుకున్నాం. లిల్లీ పువ్వు లేదు కాబట్టి పోప్ నాణెం కాదు, కథ కంచికి. కానీ ఇంకో అచ్చు ఉంది.

వెనిస్ నగరం బంగారంలోకి కొంచెం ఆలస్యంగా దిగింది. 1284లో డోజె జియోవన్ని దందోలో కాలంలో డకట్ మొదలైంది. డోజె అంటే వెనిస్‌వాళ్లు ఎన్నుకున్న పెద్ద. డకట్ మీద వెనిస్‌ను కాపాడే మార్కు నిలబడి ఉంటాడు, డోజె ఆయన ముందు మోకాలు వేసి జెండాకర్ర అందుకుంటాడు. వెనక వైపు కోడిగుడ్డు చట్రంలో ఏసుక్రీస్తు, చుట్టూ నక్షత్రాలు. ఇది చదవగానే మేం అవ్వ సరం తీసి టేబుల్ మీద పెట్టుకున్నాం. మా రాముడు మార్కు అయ్యాడు, మా ఆంజనేయుడు డోజె అయ్యాడు!

అయితే దాయాది మాట పూర్తిగా తప్పని అప్పుడే కొట్టేయలేదు. ఎందుకంటే 14వ శతాబ్దం నడిమిలో రోము సెనేట్ కూడా బంగారు నాణెం కొట్టింది. పోప్‌లు ఇంకా ఆవిన్యోన్‌లోనే ఉన్నారు, ఊరు సెనేట్ చేతిలో ఉంది. వాళ్లు తీసుకున్నది ఈ డకట్ అచ్చే. మార్కును తీసి పేతురును పెట్టారు, డోజెను తీసి సెనేటర్‌ను పెట్టారు. మిగతాదంతా అలాగే. మా ఆఫీసులో ఫైండ్ అండ్ రీప్లేస్ అంటాం చూడండి, సరిగ్గా అదే. దాని మీద రాసిన మాట ఏంటంటే, రోము లోకానికి తల అని. లోకానికి తల అని రాసుకున్న నాణెం, బొమ్మ మాత్రం వెనిస్‌ది.

1377లో పోప్ పదకొండో గ్రెగరీ రోముకు తిరిగొచ్చాడు. మరుసటి ఏడాదే ఆయన పోగా, ఇద్దరు పోప్‌లు తయారయ్యారు. ఒకరు రోములో, ఇంకొకరు మళ్లీ ఆవిన్యోన్‌లో. ఆవిన్యోన్‌లో కూర్చున్న ఏడో క్లెమెంట్ బంగారు నాణెం మీద మాత్రం కిరీటం ఒక వైపు, తాళపుచెవులు ఇంకో వైపు పెద్దగా కనపడతాయి. సగం లోకం తనను పోప్ కాదంటున్నప్పుడు, గుర్తులు గట్టిగా చూపించాల్సి వచ్చిందేమో. ఆ గొడవ 1417 దాకా తేలలేదు.

రోములో పోప్ తన సొంత పేరుతో, సొంత ముద్రతో డకట్ కొట్టింది నాలుగో యూజీన్ కాలంలో, అంటే 1431 నుంచి 1447 మధ్య. ఒక వైపు తన కుటుంబ చిహ్నం, దాని పైన కిరీటం, తాళపుచెవులు. ఇంకో వైపు పేతురు నిలబడి ఉంటాడు. లిల్లీ లేదు, మోకాలు వేసిన మనిషి లేడు. ఈ యూజీన్ పుట్టింది ఎక్కడో తెలుసా? వెనిస్‌లో. వెనిస్ బొమ్మను పక్కన పెట్టింది వెనిస్ బిడ్డే. కానీ తూకం మాత్రం వెనిస్ డకట్‌దే, సుమారు మూడున్నర గ్రాములు. ముఖం మార్చుకోగలిగాడు గానీ, తూకం మారిస్తే బజారులో ఎవరూ పుచ్చుకోరు. సోర్గ్‌లో మొదటి నాణెం కొట్టి అప్పటికి వందేళ్లు దాటింది. ఒక పోప్ తన ముఖంతో బంగారం చెల్లించుకోవడానికి అంత కాలం పట్టింది.

మా టేబుల్ మీద పరీక్ష

ఇప్పుడు మా రెండు పుతళీలకు పరీక్ష సులువు. వెనిస్‌దైతే మార్కు పేరూ, డోజె పేరూ, కర్ర పక్కన డోజె పదవి పేరూ ఉండాలి. రోముదైతే పేతురు, సెనేటర్ అనే మాటలు ఉండాలి. భూతద్దం పెట్టి ఒక్కొక్క అక్షరం రాసుకున్నాం.

అవి అక్షరాలే కావు. వరసగా నిలువు గీతలు, మధ్యలో సున్నాలు, ఒకచోట కొంకి లాంటిది. లాటిన్ రానివాళ్లు ఎవరో అక్షరాల రూపం మాత్రం చూసి చెక్కినట్టు ఉంది. అంటే వెనిస్‌దీ కాదు, పోప్‌దీ కాదు. ఇక్కడే మన దేశంలో కంసాలి చేసిన డకట్ నకలు.

ఇది వింత కూడా కాదట. మిరియాల కోసం వెనిస్ డకట్లు ఈజిప్టుకు వచ్చేవి, అక్కడి నుంచి ఎర్ర సముద్రం దాటి మలబారు తీరానికి వచ్చేవి. ఈజిప్టు సుల్తాన్ బర్స్‌బాయ్ 1425లో తన దీనారాన్ని డకట్ తూకానికే దించాల్సి వచ్చింది, బజారులో దాని బలం అంత. మన విజయనగర వరహా కూడా మూడు గ్రాముల నాలుగు వందల మిల్లీగ్రాములు, దాదాపు పక్కపక్కనే. ఇక్కడికొచ్చాక డకట్ మెడలోకి ఎక్కింది. మరాఠీవాళ్లు బొమ్మ ఉంది కాబట్టి పుతళి అన్నారు, పుతళీ హారం ఇప్పటికీ చేయిస్తారు. తమిళంలో దాన్ని శాణార్ కాసు అన్నారు. జెండాకర్ర వాళ్లకు తాటిచెట్టులా, డోజె కల్లుగీసే మనిషిలా కనిపించాడు. మా అవ్వకు ఆంజనేయుడు కనిపించాడు. అసలు డకట్లు సరిపోక, మన కంసాలులు అదే అచ్చులో పోసి చెక్కడం మొదలుపెట్టారు.

దాయాదికి మెసేజ్ పెట్టాం, పోప్‌ది కాదు అని. కొంచెం నొచ్చుకున్నాడు. మాకూ నొప్పిగానే ఉంది. లక్షల మాట పోయింది, అప్పు అలాగే ఉంది.

సరాన్ని మళ్లీ షాపుకు తీసుకెళ్లాం. షాపాయన పుతళీని ఒరెగల్లు మీద గీసి, ఆమ్లం చుక్క వేసి చూశాడు. గీత చెరగలేదు. "ఎవరు చేసిందో గానీ, బంగారం మంచిది. లక్ష్మీకాసులకన్నా ఇదే మేలు" అన్నాడు. పేరు తెలియని ఆ కంసాలి అక్షరం రాకపోయినా, బంగారంలో మోసం చేయలేదు. 22వ జాన్ కూడా బంగారంలో మోసం చేయలేదు. ఇద్దరూ చేసింది ఒకటే పని, జనం నమ్మిన బొమ్మను తెచ్చుకుని తమ సరుకు చెల్లించుకున్నారు. ఒకాయన మీద విల్లానీ పుస్తకంలో నింద ఉంది, ఇంకొకాయన పేరే ఎక్కడా లేదు.

ముప్పై తొమ్మిది లక్ష్మీకాసులు అమ్మేశాం. అప్పు చాలావరకు తీరింది, మిగతాది మేమూ పెద్దనాయన కొడుకులూ నెల నెలా కడుతున్నాం. రెండు పుతళీలు ఉంచుకున్నాం. ఒకటి చిన్నాయన ఇంట్లో, ఒకటి మా దగ్గర. అవ్వకు జరిగిందంతా చెప్పాం, మార్కు, డోజె, రోము అన్నీ. ఓపిగ్గా వినింది. "సరే, మీరు చదువుకున్నోళ్లు. నేను మాత్రం ఆంజనేయునికే మొక్కుకుంటా" అంది.

మీ ఇళ్లలో కూడా, కర్ణాటకలోనో, తమిళనాడులోనో, మహారాష్ట్రలోనో, పాత కాసుల సరాలు ఉంటాయి. కరిగించాల్సిన అవసరం ఎవరికైనా వస్తుంది, దాన్ని తప్పు పట్టం. కరిగించే ముందు మాత్రం ఒక్కో కాసును రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆ బొమ్మను ఎవరని అంటారో అది కూడా పక్కన రాసుకోండి. మాకు పంపితే ఇక్కడ పెడతాం.